ఫెయిల్ చేయనిచ్చే ఊరు

మా వదిన శ్యామలాదేవికి మనుషులంటే చులకన. ఈ మాట ఆవిడ మొహం మీదే అంటూ ఉంటాను కనుక ఇక్కడ రాయడానికి నాకు బెరుకు లేదు. తప్పుగా మాట్లాడేవాళ్ళంటే చులకన. తప్పుగా రాసేవాళ్ళంటే ఇంకా చులకన. తప్పు రాసి, దాన్ని అచ్చు కూడా వేయించి గోడకు అంటించేవాళ్ళనయితే ఆవిడ మనుషుల కింద లెక్కే వేయదు. రంగూన్ శివారు తాకేటాలో మా ఇంటి దగ్గర బస్సు ఎక్కితే సిటీలో దిగేదాకా బోర్డుల్లో తప్పులు ఏరుతూనే ఉంటుంది. పక్క సీటులో కూర్చున్నవాళ్ళకు తలనొప్పి.

నేను ఆవిడ తమ్ముడు బాబ్జీ భార్యను. పేరు సూర్యావతి. ఆదివారాలు గుడి దగ్గర పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దిస్తాను. ఆ మాత్రం రాయడం వచ్చు కనుక ఆవిడ చైనా సంగతి నేనే రాస్తున్నాను. ఆవిడ చదివితే దీనిమీదా ఎర్ర సిరా ఒలకబోస్తుంది. పోయనీ.

వదిన ముత్తాత సోంపేట వైపు నుంచి ఓడలో వచ్చి రంగూన్ రేవులో బియ్యం బస్తాలు మోశాడు. తాత కూడా అవే మోశాడు. తండ్రి మాత్రం బస్తా ఎత్తలేదు, గోదాము తలుపు దగ్గర కాపలా కూర్చున్నాడు. వదినను స్కూల్లో వేసినప్పుడు టిన్ టిన్ మో అని బర్మా పేరు రాయించారు. పాస్‌పోర్టులో ఇప్పటికీ అదే. పేరు మారినా మొహం మారదు కదా. క్లాసులో పిల్లలు ‘కలామ’ అని పిలిచేవారట. మన రంగు ఆడవాళ్ళను ఇక్కడ పిలిచే పిలుపు అది, మర్యాద లేని పిలుపు. వదిన ఏడవలేదు, కొట్లాడలేదు. పదో తరగతి పరీక్షలో బర్మా భాషలో డిస్టింక్షన్ తెచ్చుకుంది. అలా పిలిచినవాళ్ళలో ఆరుగురు ఆ ఏడే అదే పేపరు తప్పారు. వాళ్ళ పేర్లు ఆవిడకు ఇప్పటికీ వరసగా వచ్చు.

తరవాత ఇంగ్లీషులో డిగ్రీ చేసింది. డబ్బున్నవాళ్ళ పిల్లలు చదివే ఒక ప్రైవేటు స్కూల్లో పంతొమ్మిదేళ్ళు ఇంగ్లీషు చెప్పింది. పెళ్ళి చేసుకోలేదు. వచ్చిన సంబంధాల్లో ఒకాయన ప్రేమగా ఉత్తరం రాస్తే దాన్ని దిద్ది వెనక్కి పంపిందని చెప్పుకుంటారు. నేనడిగాను. “దిద్దకుండా ఎలగ పంపుతాను?” అంది.

నాలుగేళ్ళ కిందట ఆ స్కూలుకు ఒక తెల్లవాడు టీచరుగా వచ్చాడు. ఏ దేశంవాడో సరిగ్గా ఎవరికీ తెలియదు. తెల్లగా ఉన్నాడు, అది చాలింది. అతను క్లాసులో గిటారు వాయించేవాడు. పిల్లలు రాసిన పేపర్లు తెచ్చి వదిన బల్ల మీద పెట్టి, “మీకు ఓపిక ఎక్కువ” అని నవ్వి వెళ్ళిపోయేవాడు. మరుసటి ఏడు స్కూలు అచ్చువేసిన పుస్తకంలో వదిన క్లాసు ఫొటో ఉంది. పిల్లలు ఆవిడ పిల్లలే, బోర్డు మీద ఉన్నది ఆవిడ రాతే. పక్కన నిలబడింది మాత్రం అతను. వదిన వెళ్ళి అడిగితే ప్రిన్సిపాల్ చాలా నెమ్మదిగా, “సయామా, తల్లిదండ్రులకు అలా ఉంటే నచ్చుతుంది” అందట. సయామ అంటే టీచరమ్మ. అంత మర్యాదగా అవమానించడం ఆ స్కూల్లోనే నేర్పుతారు కాబోలు. వదిన రెండు వాక్యాల్లో రాజీనామా రాసి ఇచ్చి మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేసింది.

వారం తరవాత అన్నం తింటూ చెప్పింది. “చైనా ఎల్తాను. అక్కడ ఇంగ్లీసు సెప్పుకుంటాను.”

మా ఆయన ముద్ద కింద పెట్టాడు. “చైనా ఏటక్కా? ఆళ్ళ బాస నీకొచ్చేటి?”

“ఆళ్ళకి నా బాస కావాలి. ఆళ్ళ బాసతో నాకేటి పని?”

“మరి ఏ ఊరు?”

“అదే సూడాల. పెద్ద దేశం. ఒక ఊరయినా బాగుండకపోదు.”

సిటీలో మూడంతస్తుల మెట్లెక్కితే కో జేయా అనే ఏజెంటు ఆఫీసు ఉంది. చైనాకు టీచర్లను పంపుతానని ఫేసుబుక్కులో ప్రకటనలు వేస్తాడు. నేనూ తోడు వెళ్ళాను. గోడ నిండా చైనా పటం, దాని మీద రంగురంగుల సూదులు. అతని జుట్టుకు నూనె, చేతికి పెద్ద వాచీ. “మీవంటి వారికి షాంఘై సరిపోతుంది సయామా. మీ నడకలోనే తెలుస్తోంది. ఊరు మీరు ఎంచుకోండి, మిగతాది నాకు వదిలేయండి” అన్నాడు. వదిన మొహం గంటుపెట్టుకునే ఉంది గాని ఆ షాంఘై మాట ఆవిడకు లోపల తగిలిందని నాకు తెలిసిపోయింది. దిగేటప్పుడు మెట్ల మీద కొంచెం నిటారుగా నడిచింది.

ఆ నెలంతా ఇంట్లో చైనాయే. కరెంటు ఉన్న గంటల్లో ఫోను పట్టుకుని ఊళ్ళ గురించి చదివేది. ఒక నోటుబుక్కులో గీతలు కొట్టి ఊరి పేరు, ఎదురుగా తన తీర్పు రాసేది. షాంఘైకి ఎదురుగా, “మేడల ముందు ఫొటో దిగడానికి వెళ్ళేవాళ్ళ ఊరు” అని రాసింది. హార్బిన్‌లో చలికాలం మంచుతో కోటలు కడతారని చదివి, “చేతినిండా పని లేని జనం” అని రాసింది. చెంగ్డూకి పాండాలు. “పాండాను చూసి పరవశించేవాళ్ళకు వ్యాకరణం ఎలా ఎక్కుతుంది?” షెంజెన్ నలభై యాభై ఏళ్ళ కిందట పల్లెలాంటిదట. “ఇప్పటికీ ఆ ఒక్కమాటే చెప్పుకుని మురుస్తోంది.” గ్వాంగ్జౌకి అయితే ఒకే మాట: “కొట్టు.” ఊరు కాదు, కొట్టు అని.

“ఇలగయితే నువ్వెక్కడికీ ఎల్లవు వదినా” అన్నాను.

“ఎంచుకోమన్నాడు. ఎంచుతున్నాను.”

చివరికి హాంగ్‌జౌ మిగిలింది. అక్కడ పెద్ద సరస్సు ఉందని, దాని గురించి వెయ్యేళ్ళుగా పద్యాలు రాస్తున్నారని చదివింది. దానికి ఎదురుగా ఏమీ రాయలేదు. ఆవిడ దృష్టిలో అది గొప్ప మార్కు.

కో జేయా ఆ ఊళ్ళో పసిపిల్లల బడి ఒకటి చూశాడు. ఫోనులో మాట్లాడిస్తారు, ఆ తరవాత చెప్తారు అన్నాడు. వదినకు ఫోను చేసి ఇంకొక మాట కూడా చెప్పాడు. “సయామా, ఏ దేశం అని అడిగితే మయన్మార్ అనకండి. సౌత్ ఆఫ్రికా అనండి. అక్కడ ఇండియా మొహాలు చాలా ఉంటాయి. ఇంగ్లీషు వాళ్ళ సొంత భాష. ఎవరికీ అనుమానం రాదు.”

వదిన ఆ ఫోను అతని చెవిలో పగిలేలా పెట్టేసింది. నోటుబుక్కులో అతని పేరు కూడా ఒక ఊరిలా రాసి ఎదురుగా ఏదో రాసింది. అది నేనిక్కడ రాయను.

మూడు రోజులు ఆ నోటుబుక్కు ముట్టుకోలేదు. నాలుగో రోజు స్నానాలగదిలోంచి ఏదో గొణుగుడు వినబడింది. తలుపు దగ్గరకు వెళ్ళి విన్నాను. వదిన ఇంగ్లీషే, కాని వదిన గొంతు కాదు. పెదాలు సాగదీసి, అక్షరాలు మింగి, ఎవరిదో యాస సాధన చేస్తోంది. పదిహేను రోజులు అలాగే సాగింది. నేను ఎరగనట్టే ఉన్నాను.

బడివాళ్ళు ఫోనులో మాట్లాడే రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు కరెంటు వచ్చింది. కో జేయా పంపిన గుండ్రటి దీపం ముందు వదిన కూర్చుంది. మొహానికి పౌడరు రెండు పూతలు పడింది. ఫోనులో అవతల ఒక చైనా పిల్ల. ఇరవై రెండేళ్ళుంటాయేమో. నేను కర్టెన్ వెనక నిలబడ్డాను.

ఏ దేశం మీది అని అడిగింది ఆ పిల్ల.

“సౌత్ ఆఫ్రికా” అంది మా వదిన.

ఏ ఊరు?

“డర్బన్.”

తడుముకోలేదు. అది కూడా సాధన చేసినట్టుంది. ఆ పిల్ల చప్పట్లు కొట్టి, పసిపిల్లలకు కుందేలు పాట ఎలా నేర్పుతారో చూపించమంది. నలభై నాలుగేళ్ళ మా వదిన, పంతొమ్మిదేళ్ళ పాటు డబ్బున్నవాళ్ళ పిల్లల్ని కంటిచూపుతో కూర్చోబెట్టిన మనిషి, లేచి తలమీద రెండు చేతులు చెవుల్లా పెట్టుకుని గెంతింది. మూడుసార్లు గెంతింది. కాలి పట్టీ చప్పుడయ్యింది.

ఆవిడ మీద నాకు చులకన కలగడం అదే మొదటిసారి. ఆ భావం నాకు నచ్చలేదు. కాని కలిగింది, దాచడమెందుకు.

దీపం ఆర్పాక కర్టెన్ వైపు చూడకుండానే అడిగింది. “సూసేవా?”

“సూసేను.”

“ఏటనుకున్నావు?”

“కుందేలు బాగా సేసేవు వదినా.”

ఆవిడ నవ్వలేదు. పౌడరు కడుక్కోవడానికి వెళ్ళి చాలాసేపు నీళ్ళు పోసుకుంది.

మరునాడే ఉద్యోగం ఇస్తామని కాగితం వచ్చింది. వదిన వీధి చివర జెరాక్సు కొట్టులో దాన్ని అచ్చు తీయించుకుని వచ్చి బల్ల ముందు కూర్చుంది. ఎర్ర పెన్ను తీసింది. ఒక పేజీలో పదకొండు తప్పులు దిద్దింది. కింద ఇంగ్లీషులో రాసింది: నేను డర్బన్ మనిషిని కాను. ఆ ఊరు చూడలేదు. రంగూన్‌లో తాకేటా నాది. నిన్న అబద్ధం చెప్పాను. క్షమించమని అడగను, తప్పు దిద్దుకుంటున్నాను. దాన్ని ఫొటో తీసి పంపేసింది. పంపాక నా చేత టీ పెట్టించింది.

సాయంత్రం జవాబు వచ్చింది. వదిన దాన్ని మా ఇద్దరికీ రెండుసార్లు చదివి వినిపించింది. పర్వాలేదు డియర్, పిల్లల తల్లిదండ్రులకు మాత్రం చెప్పకండి, ఎప్పుడు బయలుదేరతారు అని ఉంది.

మా ఆయన, “మంచోళ్ళే కదక్కా, ఏటీ అనలేదు” అన్నాడు.

“మంచోళ్ళా?” వదిన ఫోను బల్ల మీద పడేసింది. “నిజం సెప్తే సీదరించుకుంటారనుకున్నాను. సీదరించుకున్నా బాగుండును. ఆళ్ళకి నిజమూ అబద్దమూ ఒకటేరా బాబ్జీ! పౌడరొకటీ ఉంటే సాలు.”

హాంగ్‌జౌని కొట్టేసింది. సరస్సును కూడా వదిలిపెట్టలేదు, “నిలవ నీరు” అని రాసింది.

ఆ వారమే చిట్టి ఫోను చేసింది. చిట్టిది నది అవతల దలా. చిన్నప్పుడు రోజూ ఫెర్రీలో నది దాటి వచ్చి వదిన దగ్గర ట్యూషన్ చదువుకునేది. ఇప్పుడు కున్మింగ్‌లో ఒక వ్యాపార కంపెనీలో పని చేస్తోంది. వదిన జరిగింది చెప్పగానే అటువైపు చిట్టి కేకేసింది.

“ఓలమ్మ, ఆ వీసా మీద రావొద్దు సయామా! ఏజెంటు సుట్టపుసూపు వీసా ఇస్తాడు. ఇక్కడ ఇంగ్లీసు సెప్పాలంటే ఇంగ్లీసు దేశపు పాసుపోర్టు అడుగుతారు. మా మేడ మీద ఒకామె అలాగే సెప్పింది. పోలీసులొచ్చి పట్టుకుపోయేరు, మర్నాడు ఇమానం ఎక్కించేసేరు.”

“మరి నాను రాకూడదంటావు.”

“ఎందుకు రాకూడదు? బర్మా బాస సెప్పండి. ఇక్కడ కాలేజీల్లో బర్మా నేర్చుకునే పిల్లలున్నారు. సెప్పేవోళ్ళు సాలటం నేదు. దానికయితే మన పాసుపోర్టే కావాలి.”

“నన్ను సూసి బర్మా బాస సెప్పమంటారేటే? ఇక్కడే నన్ను ఈ దేశపుదాన్ననరు.”

“నా వ్యాసాలు ఎవరు దిద్దేరు సయామా? ఆ దిద్దిన కాగితాలు ఇప్పటికీ నా దగ్గిరున్నాయి.”

వదిన ఫోను పెట్టేసి, తిరిగి కో జేయా ఆఫీసుకు వెళ్ళి సర్టిఫికెట్లు వెనక్కి ఇమ్మంది. “అందరూ ఇలాగే వెళ్తున్నారు సయామా” అన్నాడట అతను. “అందరూ వెళ్ళి ఏ పోలీసు స్టేషనులో తేలుతున్నారు?” అని అడిగిందట. ఆ మెట్లమీద ఎక్కుతున్న ఇద్దరు అమ్మాయిలు ఆగి వింటున్నారు. వదిన వాళ్ళకు కూడా చెప్పింది. ఒకమ్మాయి దిగిపోయింది. ఇంకొకమ్మాయి పైకే వెళ్ళింది. ఆ రెండో అమ్మాయిని వదిన ఎన్నాళ్ళో తిట్టుకుంది, తిట్టుకున్నంతకాలం ఆమె ఎలా ఉందోనని బెంగపెట్టుకుంది.

రెండు కాలేజీలకు దరఖాస్తు పెట్టింది. ఒకటి కున్మింగ్‌లో, ఒకటి నాన్నింగ్‌లో. ఈసారి దీపం లేదు, పౌడరు లేదు. మామూలుగా ఇంట్లో బుగ్గలకు పూసుకునే చెక్కగంధం, తానఖా కూడా పూసుకోలేదు. “మొకం మొకంలాగే సూడనీ” అంది.

కున్మింగ్ వాళ్ళ వైపు ముగ్గురు కూర్చున్నారు. వారిలో ఒకడు రంగూన్‌వాడే, అక్కడ స్థిరపడ్డ బర్మా పెద్దమనిషి. మొదటి ప్రశ్న అతనే వేశాడు. “మీరు అసలైన మయన్మార్ వారేనా? చూడటానికి అలా లేరు.”

కర్టెన్ వెనక నా ఒళ్ళు మండింది. వదిన కుర్చీ ముందుకు జరుపుకుంది. “మా ముత్తాత రంగూన్ వచ్చిన ఏడు చెప్పనా, మీ తాత వచ్చిన ఏడు మీరు చెప్తారా? లేక పాఠం మొదలుపెట్టనా?” అని చక్కటి బర్మాలో అడిగింది. అతను కళ్ళజోడు సర్దుకుని, మొదలుపెట్టండి అన్నాడు. పాఠం ఎలా చెప్పిందో నాకు గుర్తులేదు. అయిపోయాక ఆవిడ వచ్చి పీటమీద కూర్చుని, “ఈ వయసులో కూడానా సూరీ?” అంది. అంతే అంది. నేను వీపు నిమిరాను. తోసేయలేదు.

నాన్నింగ్ వైపు ఒక ముసలి చైనా మాస్టారు. ఆయన బర్మా మాట్లాడితే రేడియోలో వార్తలు చదివినట్టుంది. ఏదైనా ఒక చిన్న పాఠం చెప్పమన్నాడు. వదిన ‘స’ అనే ఒక్క శబ్దం తీసుకుంది. మామూలుగా కిందికి పలికితే చదువు, రాత. సాగదీసి పైకెత్తితే తినడం. గొంతులో నొక్కి టక్కున ఆపితే మొదలుపెట్టడం. ఆ మూడింటినీ ఆయన చేత పలికించింది. ఆయన మూడోదాన్ని సాగదీసి తప్పాడు. వదిన ఆయన పెద్దరికం చూడకుండా ఏడుసార్లు పలికించింది. “మీరిప్పుడు మీ పిల్లలకు పుస్తకం తినమని చెప్తున్నారు” అంది. ఆయన పకపకా నవ్వాడు. చివరలో, “మీది రంగూన్ వీధిలో వినబడే గొంతు. మా పిల్లలకు అది కావాలి” అన్నాడు.

“ఈది గొంతంట!” అని వదిన చిటపటలాడింది. కాని ఆ పూట కూర రెండుసార్లు వడ్డించుకుంది.

నెల తిరగకుండా ఇద్దరూ రమ్మన్నారు. ఇప్పుడు ఊరు ఎంచుకోవాలి. మా ఆయన కున్మింగ్ అన్నాడు, విమానం నేరుగా ఉంది, చిట్టి ఉంది, ఎండాకాలం కూడా చల్లగా ఉంటుందట. నాన్నింగ్‌లో ఎవరున్నారు? ఎవరూ లేరు. ఎండా వానా మన ఊరిలాగే. నేనూ కున్మింగే అన్నాను.

వదిన మా మాట విని, రెండు కాలేజీలకూ ఒకే ప్రశ్న రాసింది. పరీక్షలో బాగా రాయని పిల్లలను నేను ఫెయిల్ చేయవచ్చా?

కున్మింగ్ నుంచి ఒకటిన్నర పేజీ జవాబు వచ్చింది. విద్యార్థుల ఆత్మవిశ్వాసం, కాలేజీ పేరు, అందరినీ ముందుకు తీసుకువెళ్ళే విధానం అంటూ ఏమేమో ఉన్నాయి. తిప్పి తిప్పి చదివితే అందరూ పాసవ్వాలి అని తేలింది. నాన్నింగ్ ముసలాయన ఒక వాక్యం రాశాడు: దయచేసి చేయండి, మేము చేయలేకపోతున్నాము.

“నాన్నింగ్” అంది వదిన.

“ఆ ఒక్క మాటకా అక్కా?” అన్నాడు మా ఆయన. “వాతావరణం సూసుకోవా? తిండి సూసుకోవా?”

“మేడలూ సరస్సులూ సూసే కదా కుందేలయ్యేను” అంది. తన నోటితో ఆ మాట అనడం అదొక్కసారే.

కాగితాలన్నీ తేలడానికి ఎనిమిది నెలలు పట్టింది. వెళ్ళే రోజు విమానాశ్రయంలో కాగితాలు చూసే కుర్రాడు టిన్ టిన్ మో అనే పేరు చూసి, ఆవిడ మొహం చూసి, అక్కడ ఏం చెప్తారు అని అడిగాడు. బర్మా భాష అంది. అతనికి నవ్వాగలేదు. వదిన అతని నవ్వు అయ్యేదాకా చెయ్యి చాచి నిలబడి, పాస్‌పోర్టు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి మాకు చెయ్యి ఊపుతుందేమో అనుకున్నాం. ఊపలేదు. గాజు తలుపు అవతల కళ్ళద్దాలు తుడుచుకోవడం మాత్రం చూశాను.

నాన్నింగ్ మీద కూడా ఆవిడకు గౌరవమేమీ లేదు. ఊరంతా కరెంటు స్కూటర్లేనట, అవి చప్పుడు లేకుండా వెనక నుంచి వస్తాయట, “దొంగల్లాగ” అంటుంది. నూడిల్స్ పులుపంటుంది. చలికాలం గోడలు చెమర్చి పుస్తకాలు బూజు పడతాయంటుంది. మొదటి టర్ములో పంతొమ్మిది మందిలో ఏడుగురిని ఫెయిల్ చేసింది. ఒక పిల్ల ఏడ్చి పై అధికారులకు అర్జీ పెట్టింది. ముసలి మాస్టారు ఆ పిల్ల పేపరు తీసి అందరి ముందూ చదివించాడట. ఆ పిల్ల మళ్ళీ రాసింది, మళ్ళీ తప్పింది. మూడోసారి పాసయ్యింది.

ఈ ఏడాది వానలు మొదలవకముందు ఆ పిల్లే రంగూన్ వచ్చింది. టైల్స్ అమ్మే కంపెనీలో చేరిందట, ఊరి బయట తన్లిన్ వైపు ఏదో పని. వదిన పంపిన టీ పొట్లాం ఇవ్వడానికి మా ఇంటికి వచ్చింది. బక్కగా, జుట్టు కత్తిరించుకుని, చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి బర్మాలో పలకరించింది. నేనూ మా ఆయనా మొహమొహాలు చూసుకున్నాం. ఆ పిల్ల మాట చైనావాళ్ళ బర్మా కాదు, రేడియో బర్మా కాదు. అచ్చం తాకేటా. మా సందు. మాట చివర కొంచెం విరిచి, ఎదుటివాడు తెలివితక్కువవాడన్నట్టు ఆగడం కూడా ఉంది.

ఆ సాయంత్రం వదినకు ఫోను చేసి చెప్పాను.

“ఒచ్చిందా?” అంది. “సరిగ్గా మాట్లాడిందా? మూడో ‘స’ ఇంకా సాగదీస్తాది, సూసేవా?”

“నాకేటీ తెలవనేదు వదినా. మనింటి పిల్లలాగే ఉంది.”

“నీకు తెలదులే” అంది. ఆ తరవాత మా ఆయన గురించి, పైకప్పు కారుతోందా లేదా అని అడిగింది. ఇంకో ఏడాదికి సంతకం పెట్టానని చెప్పింది. పెట్టేముందు కాంట్రాక్టు చదివిందట, ఇంగ్లీషు కాపీలో నాలుగు తప్పులున్నాయట, దిద్ది ఇచ్చిందట. వాళ్ళు మళ్ళీ టైపు చేసి తెచ్చారట.